మధుమేహ పాదం: పాదంలోని ధమనులకు ఎం.ఆర్. యాంజియో ఎప్పుడు అవసరం, ఎలా చేస్తే ఉపయోగం?

నదీతీరం:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. కుడికాలి బొటనవేలి కింద ఏర్పడిన పుండు వారాలు గడుస్తున్నా మానడం లేదు. చక్కెర అదుపులోనే ఉంది, కట్టు క్రమం తప్పకుండా మారుస్తున్నాం, ఆ వేలి మీద బరువు పడకుండా ప్రత్యేకమైన పాదరక్షలు కూడా వాడుతున్నారు. చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు కొలిచి నిష్పత్తి కట్టే పరీక్షలో 1.4 కంటే ఎక్కువ వచ్చింది. మొదట చూసిన వైద్యులు ఆ అంకె చూసి కాలికి రక్తం బాగానే అందుతోందని చెప్పారు. తరువాత చూసిన వైద్యులు మాత్రం ఆ అంకెను నమ్మలేమని, పాదం వరకు ధమనులు కనిపించేలా ఎం.ఆర్. యాంజియో, అంటే అయస్కాంత యంత్రంతో రక్తనాళాలను చూపే స్కాన్, చేయించాలని అన్నారు. నాన్నగారి మూత్రపిండాల పనితీరు కొంత తగ్గి ఉంది, ఇ.జి.ఎఫ్.ఆర్. (మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం) 38 వచ్చింది. ఇద్దరి మాటల్లో ఇంత తేడా ఎందుకు ఉందో, ఈ స్కాన్ వల్ల నిజంగా తెలిసేదేమిటో, మూత్రపిండాలకు ప్రమాదం ఉందేమో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాళవైద్యుడు:
నదీతీరం గారూ, మీ రెండో వైద్యుల మాట సరైనది. మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నవారిలో, అందులోనూ మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, పిక్కల్లోని ధమనుల గోడ మధ్యపొరలో కాల్షియం పేరుకుంటుంది. మామూలు ఎక్స్‌రేలో కూడా ఆ ధమనులు రెండు సమాంతర గీతలుగా, రైలుపట్టాల మాదిరిగా కనిపిస్తాయి. అలా బిరుసెక్కిన ధమని, చీలమండకు చుట్టిన పట్టీలో గాలి ఎంత నింపినా అణగదు. అప్పుడు యంత్రం చూపే అంకె గోడ ఎంత గట్టిగా ఉందో చెబుతుందే గాని లోపల రక్తం ఎంత ఒత్తిడితో పారుతోందో చెప్పదు. ఈ నిష్పత్తి 0.9 కంటే తగ్గితే ధమనులు మూసుకుపోతున్నాయని ఎలా అనుమానిస్తామో, 1.3 లేదా 1.4 దాటినప్పుడు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. మానని పుండు ఉన్న మనిషికి 1.4 వచ్చిందని ధైర్యం చెప్పి పంపడం నా దృష్టిలో చాలా ప్రమాదకరం. కాళ్లు పోగొట్టుకున్న ఎంతోమంది కేసు షీట్లలో ఈ అంకె పక్కన ‘నార్మల్’ అని రాసి ఉండటం చూశాను.

కాబట్టి స్కాన్‌కు ముందే, లేదా దానితో పాటు, బొటనవేలి దగ్గర పీడనం కొలిపించండి. వేళ్లలోని సన్నని ధమనులకు ఈ కాల్షియం బెడద తక్కువ కనుక ఆ కొలత ఎక్కువ నమ్మదగినది. వేలి పీడనాన్ని చేతి పీడనంతో భాగిస్తే 0.7 కంటే తక్కువ రావడం అసహజం. వేలి పీడనం 30 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, చీలమండ పీడనం 50 కంటే తక్కువ ఉన్నా రక్తనాళాల చిత్రీకరణను వాయిదా వేయకూడదు. పీడనాలు మరీ అంత తక్కువ లేకపోయినా, మంచి చికిత్స జరుగుతూ ఉండగానే నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు మానే దారిలో పడకపోతే ధమనులను చిత్రీకరించి చూడాలన్నది మధుమేహ పాదానికి సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న సూచనే.

ఇక పాదం వరకు ఎందుకు చూడాలి అన్నది అసలు విషయం. పొగతాగే అలవాటు వల్ల వచ్చే జబ్బులో సాధారణంగా తొడలోనో, ఇంకా పైనో ధమనులు మూసుకుపోతాయి. మధుమేహంలో మోకాలి కింద ఉండే మూడు ధమనులు, అంటే యాంటీరియర్ టిబియల్, పోస్టీరియర్ టిబియల్, పెరోనియల్ ఎక్కువగా దెబ్బతింటాయి. మూడింటిలో పెరోనియల్ తరచుగా చివరి వరకు నిలుస్తుంది గాని అది నేరుగా పాదంలోకి పోదు, చీలమండ దగ్గర కొమ్మల ద్వారా మిగతా రెండింటికీ రక్తం అందిస్తుంది. పిక్కలో ధమని పూర్తిగా మూసుకుపోయినా పాదం పైభాగాన ఉండే డోర్సాలిస్ పీడిస్ గాని, అరికాలి ధమనులు గాని తెరిచే ఉండటం ఈ రోగుల్లో తరచుగా చూస్తాం. తెరిచి ఉన్న ఆ ధమని ఎక్కడుందో తెలిస్తే బైపాస్‌లో కొత్త నాళాన్ని అక్కడికి తెచ్చి కలపవచ్చు, లేదా బెలూన్‌తో మూసుకుపోయిన దారిని అక్కడి వరకు తెరవవచ్చు. చిత్రం చీలమండ దగ్గరే ఆగిపోతే, తెరిచి ఉన్న ధమని ఉందన్న సంగతి కూడా మాకు తెలియకుండా పోతుంది.

చిత్రపఠనం:
నేను రేడియాలజిస్టును. నాళవైద్యుడు గారు చెప్పిన కాల్షియం విషయాన్నే చిత్రాల వైపు నుంచి వివరిస్తాను. సి.టి. యాంజియోలో కాల్షియం, రంగుద్రవం (నాళాలు స్పష్టంగా కనిపించేందుకు సిరలో ఎక్కించే మందు) నిండిన రక్తం రెండూ తెల్లగానే కనిపిస్తాయి. పైగా కాల్షియం తన అసలు పరిమాణం కంటే ఉబ్బినట్టు కనిపిస్తుంది. తొడలోని పెద్ద ధమనిలో దీన్ని ఎలాగో సర్దుకోవచ్చు. రెండు మూడు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టిబియల్ ధమని గోడంతా కాల్షియం ఉన్నప్పుడు లోపల రక్తం పారుతోందో లేదో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. ఎం.ఆర్.లో కాల్షియం నుంచి సంకేతం దాదాపుగా రాదు. పారుతున్న రక్తమే వెలుగుతుంది, గోడలోని కాల్షియం దానికి అడ్డు రాదు. మధుమేహ రోగుల మోకాలి కింది ధమనులకు నేను ఎం.ఆర్.ను కోరుకోవడానికి మొదటి కారణం ఇదే.

అంకెలు అడుగుతారు కాబట్టి ఒక మాట. 2007లో వెలువడిన ఒక సమగ్ర సమీక్షలో, రంగుద్రవం ఎక్కించి చేసే ఎం.ఆర్. యాంజియో కాలి ధమనుల్లో యాభై శాతానికి పైబడిన ఇరుకును పట్టుకోవడంలో సెన్సిటివిటీ (ఇరుకు ఉన్నప్పుడు ఉందని చెప్పగలగడం) మధ్యస్థంగా 95 శాతం, స్పెసిఫిసిటీ (లేనప్పుడు లేదని చెప్పగలగడం) 97 శాతం అని తేలింది. ఆ అంకెలు కాలి ధమనుల మొత్తానికి సంబంధించినవి. పాదంలోని సన్నని నాళాలకు, అందులోనూ ఇన్‌ఫెక్షన్‌తో వాచిన మధుమేహ పాదానికి, వాటిని యథాతథంగా అన్వయించకూడదు. పాదంలో ఫలితం ఎలా వస్తుందన్నది పరీక్ష చేసే పద్ధతి మీద చాలా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఇందులో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి సిరలు. చేతి సిరలో ఎక్కించిన రంగుద్రవం గుండె గుండా తిరిగి పాదానికి చేరుతుంది, మామూలు పాదంలో అయితే ధమనులు వెలిగిన కొంతసేపటికి గాని సిరలు వెలగవు. పుండు, ఇన్‌ఫెక్షన్ ఉన్న మధుమేహ పాదంలో రక్తం ధమనుల నుంచి సిరల్లోకి త్వరగా దాటిపోతుంది. బొడ్డు నుంచి మొదలుపెట్టి బల్లను జరుపుకుంటూ తొడ, పిక్క దాటి పాదం దాకా వచ్చేసరికి సిరలన్నీ వెలిగిపోయి, ఏది ధమనో ఏది సిరో విడదీయలేని చిత్రం మిగులుతుంది. అందుకే పిక్క, పాదాలను విడిగా, ముందుగా, వాటికంటూ కొద్ది మోతాదు రంగుద్రవంతో, కొన్ని సెకన్లకు ఒక చిత్రం చొప్పున వరుసగా తీస్తూ చేయాలి. అలా తీసిన వరుసలో ధమని మొదట నిండే క్షణం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఏ ధమని ముందు నిండింది, ఏది పక్క దారుల గుండా ఆలస్యంగా నిండింది అన్నది కూడా అదే వరుసలో కనిపిస్తుంది. ఆ పైన మిగిలిన మోతాదుతో నడుము నుంచి తొడ వరకు చూడవచ్చు. కొన్నిచోట్ల తొడకు పట్టీ కట్టి స్వల్ప పీడనం పెట్టి సిరలు నిండడాన్ని ఆలస్యం చేస్తారు. అయితే తొడలో స్టెంట్ గాని బైపాస్ నాళం గాని ఉన్నవారికి అలా కట్టే ముందు శస్త్రవైద్యులను అడగాలి.

నదీతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వేలి పీడనం సంగతి మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రంగుద్రవం అంటే గాడోలినియం అని విన్నాను. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ఇస్తే చర్మం గట్టిపడే జబ్బు వస్తుందని మా బంధువులు భయపెడుతున్నారు.

మూత్రపిండమిత్ర:
ఆ భయానికి ఆధారం ఉంది, అయితే నేటి పరిస్థితిలో దాన్ని సరైన కొలతతో చూడాలి. మీరు విన్న జబ్బు పేరు నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్. చర్మం, కీళ్లు, ఒక్కోసారి లోపలి అవయవాలు కూడా బిగుసుకుపోతాయి, నయం చేసే మందు లేదు. దీనికీ గాడోలినియానికీ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి, పాత తరం రంగుద్రవాలు, తరచుగా ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు వచ్చిన కేసులే వీటిలో ఎక్కువ. అప్పట్లో కాలి యాంజియోలకు ఎక్కువ మోతాదు వాడటం మామూలుగా ఉండేది కాబట్టి, ఈ చర్చలో చెప్పుకుంటున్న తరహా రోగులే ఆ ముప్పుకు బాగా గురయ్యారని గుర్తుంచుకోవాలి.

గాడోలినియం అయాన్‌ను పట్టి ఉంచే అణువు నిర్మాణమే ఇందులో కీలకం. పొడవాటి గొలుసు వంటి అణువుల నుంచి అయాన్ జారిపోయే అవకాశం ఎక్కువ, చుట్టూ మూసి ఉన్న వలయాకారపు అణువులు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్, గాడోటెరిడాల్ రెండో రకానికి చెందినవి. వీటిని సాధారణ మోతాదులో, అంటే కిలోకు 0.1 మిల్లీమోల్‌కు మించకుండా ఇచ్చినప్పుడు ఈ జబ్బు వచ్చే అవకాశం, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో సైతం, అత్యంత స్వల్పం. ఐరోపా మందుల సంస్థ 2017లో గొలుసు తరహా రంగుద్రవాల్లో చాలావాటిని సిరలో ఎక్కించకుండా ఆపింది. మీ నాన్నగారి ఇ.జి.ఎఫ్.ఆర్. 38, ప్రత్యేక జాగ్రత్త మొదలయ్యే గీత 30. ఏ రంగుద్రవం వాడతారో అడగండి, ఆ మధ్యనే ఇంకో రంగుద్రవ పరీక్ష జరిగి ఉంటే చెప్పండి, మూత్రపిండాల పరీక్ష పాతదైతే మళ్లీ చేయించండి. ఇంతకు మించి భయపడి కాలిని కాపాడే అవకాశాన్ని వదులుకోవడం సరికాదు.

డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఈ చర్చ చదువుతూ ఉంటే ఒక మాట: రంగుద్రవం ఇవ్వక తప్పనప్పుడు స్కాన్‌ను తరువాతి డయాలసిస్‌కు కాస్త ముందు పెట్టుకోవడం మంచిది. మెట్‌ఫార్మిన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. దాన్ని ఆపమనేది ముఖ్యంగా సి.టి.లో, మామూలు యాంజియోలో వాడే అయోడిన్ రంగుద్రవానికి సంబంధించిన సూచన. సాధారణ మోతాదు గాడోలినియానికి మెట్‌ఫార్మిన్ ఆపనక్కరలేదు, అయినా మీ వైద్యుల మాటే చివరి మాట.

అయస్కాంతరేఖ:
నేను ఎం.ఆర్. భౌతికశాస్త్రంలో పనిచేస్తున్నాను. రంగుద్రవం అసలే ఎక్కించకుండా పాద ధమనులను చూపే పద్ధతులు ఉన్నాయి. ఈ పదిహేనేళ్లలో అవి చాలా మెరుగయ్యాయి కూడా. వాటి గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను.

అన్నిటికంటే పాతది టైమ్ ఆఫ్ ఫ్లైట్. ఒక పలుచని పొరలోని కణజాలం సంకేతాన్ని పదేపదే అణచివేసి, బయటి నుంచి అందులోకి కొత్తగా వచ్చే రక్తం మాత్రమే వెలిగేలా చేస్తారు. రక్తం పొరను నిలువుగా దాటి పోతున్నంతసేపు ఇది బాగా పనిచేస్తుంది. పాదంలో చిక్కు ఎక్కడంటే, వెల్లకిలా పడుకున్న మనిషి పిక్కలో రక్తం తల నుంచి కాళ్ల వైపుకు పారుతుంది, చీలమండ దాటగానే పాదం పైకి తిరిగి ఉంటుంది కాబట్టి డోర్సాలిస్ పీడిస్, అరికాలి వంపు రెండూ అడ్డుపొరల తలంలోనే సాగుతాయి. పొర లోపలే పారే రక్తం సంకేతం కూడా కణజాలంతో పాటు అణగిపోతుంది, తెరిచి ఉన్న ధమని మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. పాదం దగ్గర పొరలను ధమని దారికి అడ్డంగా తిప్పి తీస్తే తప్ప ఈ లోపం పోదు.

2010లో ప్రకటించిన క్విస్ అనే పద్ధతి ఇంతకంటే త్వరగా ముగుస్తుంది. ఇ.సి.జి.తో గుండె లయను గమనిస్తూ, గుండె రక్తాన్ని వేగంగా తోసే సమయంలో వేచి ఉండి, తాజా రక్తం పొరలోకి వచ్చాక, ప్రవాహం నిమ్మళించినప్పుడు ఒక్కో గుండెచప్పుడుకు ఒక్కో పొర చొప్పున తీస్తారు. పిక్క వరకు దీని ఫలితాలు రంగుద్రవంతో తీసిన వాటికి దగ్గరగా ఉన్నాయి. పాదంలో పైన చెప్పిన తలం ఇబ్బంది దీనికి కూడా ఉంటుంది.

మరో తరహా పద్ధతుల్లో రెండు చిత్రాలు తీసి ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తారు. గుండె సంకోచించేటప్పుడు ధమనిలో రక్తం వేగంగా పారడం వల్ల నల్లగా, వ్యాకోచించేటప్పుడు నెమ్మదించడం వల్ల తెల్లగా వస్తుంది. సిరలు, కండరాలు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి తీసివేతలో అవి పోయి ధమనులు మిగులుతాయి. దీని తరువాత వచ్చిన పద్ధతిలో గుండె దశల మధ్య తేడా మీదనే ఆధారపడకుండా, ప్రవాహం ఉన్న రక్తం సంకేతాన్ని కావాలని చెదరగొట్టే అయస్కాంత ప్రవణతలను (చోటును బట్టి బలం మారే అయస్కాంత క్షేత్రాలను) ఒక చిత్రానికి జోడించి, రెండో చిత్రానికి జోడించకుండా తీస్తారు. ఎంత నెమ్మదిగా పారే రక్తాన్ని చెదరగొట్టాలన్నది ముందే నిర్ణయించుకోవచ్చు. పాదంలో ప్రవాహం ఏ దిశలో ఉన్నా పట్టుకునేలా అమర్చవచ్చు. మధుమేహ రోగుల పాదాలకు రంగుద్రవం లేని పద్ధతుల్లో నాకు అత్యంత ఆశాజనకంగా కనిపించేది ఇదే. గాడోలినియం ఇవ్వలేని రోగులకు ఇటువంటి దారి ఒకటి ఉందన్న సంగతి తెలియక స్కానే వద్దనుకోవడం బాధాకరం.

చిత్రపఠనం:
అయస్కాంతరేఖ గారి వివరణ ఎంతో బాగుంది, పొరల తలం గురించి చెప్పింది ప్రతి స్కాన్ కేంద్రంలో తెలిసి ఉండాల్సిన విషయం. అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. తీసివేత మీద ఆధారపడే పద్ధతులు రక్తం గుండెచప్పుడుతో పాటు ఉరవడిగా పారే కాలిలోనే బాగా పనిచేస్తాయి. పైన ధమని మూసుకుపోయి, పక్క దారుల గుండా మాత్రమే రక్తం చేరుతున్న పాదంలో ఆ ఉరవడి దాదాపు ఉండదు, సంకోచ వ్యాకోచాల మధ్య తేడా చెరిగిపోతుంది. అంటే ఏ రోగికైతే సమాధానం అత్యవసరమో, సరిగ్గా ఆ రోగిలోనే చిత్రం తేలిపోతుంది. తెరిచి ఉన్న ధమనిని కనబడలేదని మేము ‘మూసుకుపోయింది’ అని రాస్తే, శస్త్రవైద్యులు కాలు తీసివేయడం వైపు మొగ్గవచ్చు. అందుకే ఇ.జి.ఎఫ్.ఆర్. 38 ఉన్న రోగికి నేనైతే వలయాకారపు రంగుద్రవంతోనే చేస్తాను.

అయస్కాంతరేఖ:
ఆ అభ్యంతరాన్ని అంగీకరిస్తాను, గుండె దశల తేడా మీద నడిచే మొదటి పద్ధతి విషయంలో అది పూర్తిగా నిజం. ప్రవాహాన్ని చెదరగొట్టే రెండో పద్ధతిలో ఆ పరిమితిని కొంత మేరకు దాటవచ్చు, మందంగా పారే రక్తానికి తగినట్టు ప్రవణత బలాన్ని రోగికి ముందుగా ఒక చిన్న పరీక్ష చిత్రంతో సరిచూసుకోవాలి. ఆ సర్దుబాటు చేయకుండా యంత్రంలో ఉన్న అమరికతోనే తీసినప్పుడు మీరు చెప్పిన ప్రమాదమే జరుగుతుంది.

స్కానుగది:
నేను ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టును. పెద్దలందరూ ధమనుల గురించి చెప్పారు, నేను బల్ల మీద పడుకునే మనిషి గురించి చెబుతాను, ఎందుకంటే పాద యాంజియోలు పాడవడానికి సగం కారణాలు అక్కడే ఉంటాయి.

రక్తం చాలని కాలు ఉన్న రోగికి రాత్రిళ్లు పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, కాలు మంచం అంచు నుంచి కిందికి వేలాడదీస్తే కొంత తగ్గుతుంది. అటువంటి మనిషిని ముప్పావుగంట కాలు చాచి కదలకుండా పడుకోమంటే ఎలా సాధ్యం? నొప్పి భరించలేక పాదం కొద్దిగా కదిలిస్తే చాలు, తీసివేత చిత్రాలు చెడిపోతాయి. రాత్రి నొప్పి ఉన్న సంగతి స్కాన్‌కు ముందే చెప్పండి. నొప్పి మందు ఏ సమయానికి వేసుకోవాలో వైద్యులను అడగండి. పాదాన్ని అన్నిటికంటే ముందు తీయమని మమ్మల్ని కోరండి, చివర్లో తీస్తే అప్పటికి మనిషి ఓర్పు అయిపోతుంది.

పాదం ఉంచే తీరు కూడా చిత్రాన్ని మార్చేస్తుంది. సౌకర్యంగా ఉంటుందని పాదాన్ని ముందుకు చాచి, వేళ్లు కిందికి వంగేలా పెడితే చీలమండ ముందు భాగంలో డోర్సాలిస్ పీడిస్ నొక్కుకుపోయి, అక్కడ అడ్డంకి ఉన్నట్టు కనిపించవచ్చు. నేను మడమ కింద మెత్త పెట్టి, వేళ్లు సహజంగా పైకి చూసేలా, ఏ వైపూ బలవంతం లేకుండా ఉంచుతాను. పాదానికి దగ్గరగా కాయిల్ (సంకేతాన్ని అందుకునే పరికరం) అమర్చకపోతే సన్నని ధమనులు తేలవు. కాయిల్ తొడుగు గాని పట్టీ గాని పుండును రాపిడి చేయకూడదు. స్పర్శ లేని పాదానికి నొప్పి తెలియదు, వేడి కూడా తెలియదు. అందువల్ల పాదం యంత్రం గోడకు గాని, వైర్లకు గాని ఆనకుండా మధ్యలో మెత్తలు పెట్టడం మా బాధ్యత.

ఇన్సులిన్ పంపు యంత్రం గదిలోకి రాకూడదు, ముందే తీసి బయట ఉంచాలి. చర్మానికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ గురించి తయారీదారు ఇచ్చిన సూచన చూడాలి, కొన్నింటిని తీయాల్సి వస్తుంది కాబట్టి కొత్తదాన్ని పెట్టుకున్న మరునాడే స్కాన్ పెట్టుకోవద్దు. వెండి ఉన్న కట్టు, మందుల పట్టీలు ఉంటే చెప్పండి. పేస్‌మేకర్, పాత శస్త్రచికిత్సలో పెట్టిన లోహాలు, స్టెంట్లు అన్నీ చెప్పాలి. కాలి స్టెంట్లు చాలావరకు స్కాన్‌కు సురక్షితమే గాని స్టెంట్ ఉన్నచోట చిత్రం నల్లగా ఖాళీ అవుతుంది, దాన్ని అడ్డంకిగా పొరబడకుండా ఉండాలంటే మాకు ముందే తెలియాలి. ఇరుకు గొట్టం అంటే భయపడేవారికి ఒక ఊరట: ఈ పరీక్షకు కాళ్లే ముందు లోపలికి పోతాయి. పిక్క, పాదం తీసేటప్పుడు తల సాధారణంగా బయటి వైపే ఉంటుంది.

పాతపుండు:
నా అనుభవం చెబితే నదీతీరం గారికి పనికి రావచ్చు. నాకు ఎడమ మడమ దగ్గర పుండు వచ్చినప్పుడు ఒక కేంద్రంలో చేసిన స్కాన్ నివేదికలో “పిక్కలోని మూడు ధమనులూ మూసుకుపోయాయి, కింది నాళాలు కనబడలేదు” అని రాశారు. మోకాలి కింద కాలు తీసివేయడం గురించి మాట్లాడారు. మరొక శస్త్రవైద్యులు ఆ చిత్రాలను తెర మీద పెట్టి చూసి, చిత్రం చీలమండ దగ్గరే ముగిసిందని, ‘కనబడలేదు’ అంటే ‘లేవు’ అని అర్థం కాదని చెప్పి, పాదానికి విడిగా మళ్లీ తీయించారు. ఆ వరుస చిత్రాల్లో మొదట ఏమీ లేదు, తరువాత పక్క నుంచి ఒక సన్నని కొమ్మ గుండా అరికాలి ధమని నెమ్మదిగా నిండింది. ఆయన వేలు పెట్టి చూపించిన ఆ సన్నని గీత నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. బెలూన్‌తో దారి తెరిచారు, పుండు మానడానికి నెలలు పట్టింది గాని మానింది. మీరు స్కాన్‌కు వెళ్లే ముందు ‘కాలి యాంజియో’ అని మాత్రమే కాకుండా ‘వేళ్ల వరకు’ అని చీటీలో రాయించుకోండి.

నిర్వాహకులు:
పాతపుండు గారూ, వివరాలు ఎంతో ఉపయోగకరంగా ఉన్నాయి. సభ్యులు ఇదే పద్ధతిలో ఆసుపత్రుల, వైద్యుల పేర్లు లేకుండా రాయాలని మనవి. స్కాన్ చిత్రాలు జతచేసేవారు అంచున ఉండే పేరు, నమోదు సంఖ్యలను చెరిపివేయాలి.

సూటిబాట:
నేను కాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి చికిత్స చేసే గదిలో, కాలి ధమనులకు చికిత్స చేస్తాను. ఇంత చర్చ చూశాక ఒక ప్రశ్న అడగాలి. పుండు ఉంది, వేలి పీడనం తక్కువ ఉంది, డాప్లర్‌లో (శబ్ద తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే పరీక్షలో) మోకాలి కింద జబ్బు కనిపించింది అనుకుందాం. ఎలాగూ బెలూన్ చికిత్స చేయాల్సిన రోగికి మధ్యలో ఎం.ఆర్. ఎందుకు? నేరుగా తొడలో సూది గుచ్చి యాంజియో తీస్తే అన్నిటికంటే స్పష్టమైన చిత్రం వస్తుంది, అదే బల్ల మీద అప్పుడే చికిత్స కూడా అయిపోతుంది. సమయం కలిసివస్తుంది.

నాళవైద్యుడు:
మీ వాదనలో బలం ఉంది. పాదంలో చీము పట్టి, కణజాలం చచ్చిపోతున్న రోగిని ఎం.ఆర్. కోసం రోజుల తరబడి వరుసలో ఉంచడం తప్పు, అక్కడ నేనూ మీ దారిలోనే వెళతాను. స్థిమితంగా ఉన్న రోగి విషయంలో మాత్రం ముందుగా పటం చేతిలో ఉండాలని కోరుకుంటాను. తొడ ధమనిలో ఏ దిశలో సూది గుచ్చాలి, పైన నడుము ధమనుల్లో కూడా అడ్డంకి ఉందా, బెలూన్ కంటే రోగి సొంత సిరతో బైపాస్ మేలా అన్నవి బల్ల మీద పడుకోబెట్టిన తరువాత తేల్చుకోవలసిన ప్రశ్నలు కావు. పైగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్న రోగికి మీరు వాడే అయోడిన్ రంగుద్రవం ఎంత తగ్గితే అంత మంచిది. ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిస్తే సగం రంగుద్రవంతో పని అవుతుంది.

సూటిబాట:
అయోడిన్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. తొడ వరకు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చూసి, పిక్క నుంచి కిందికి మాత్రమే కొద్దిగా అయోడిన్ వాడే దారి కూడా ఉంది. నా అనుభవంలో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఎం.ఆర్. ఇరుకును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది. ‘పూర్తిగా మూసుకుపోయింది’ అని నివేదికలో ఉన్న చోట తీగ సులువుగా దూరిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎం.ఆర్. చూసి చికిత్స అసాధ్యమని ఎవరైనా అంటే, కాలు తీసే ముందు కాథెటర్ యాంజియో ఒకసారి తప్పనిసరిగా చూడాలని మాత్రం గట్టిగా చెబుతాను.

నాళవైద్యుడు:
ఆ చివరి వాక్యంతో నాకు ఏ విభేదమూ లేదు.

పాదసంరక్షణ:
నేను మధుమేహ పాదాల కట్లు చూసే నర్సును. నదీతీరం గారి నాన్నగారి పుండు బొటనవేలి కింద ఉంది, మానడం లేదు అంటున్నారు. పుండులో నుంచి శుభ్రమైన సన్నని సలాక దూర్చినప్పుడు గట్టిగా ఎముక తగులుతోందా అని మీ వైద్యులు చూశారా? ఎముకకు ఇన్‌ఫెక్షన్ పాకి ఉంటే రక్తం బాగా అందినా పుండు మానదు. ఎలాగూ ఎం.ఆర్. యంత్రంలోకి వెళుతున్నారు కనుక అదే పూటలో పాదం ఎముకలను, మెత్తని కణజాలాన్ని చూసే చిత్రాలు కూడా తీయించుకుంటే మళ్లీ వెళ్లే శ్రమ తప్పుతుంది. పాదం ఎర్రబడి, వెచ్చబడి, వాపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడుతున్నా స్కాన్ తేదీ కోసం ఎదురు చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చిత్రపఠనం:
మంచి సూచన. ఒక చిన్న జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఎముక మజ్జలో నీరు చేరినట్టు కనిపించడం ఇన్‌ఫెక్షన్‌లోనే కాదు, నరాలు దెబ్బతిని కీళ్లు కుప్పకూలే షార్కో పాదంలో కూడా ఉంటుంది. పుండుకు సరిగ్గా అడుగున ఉన్న ఎముకలో మార్పు ఉందా, లేక పాదం మధ్యలోని చాలా కీళ్ల చుట్టూ ఉందా అన్నదాన్ని బట్టి తేడా చెబుతాం. పుండు ఎక్కడుందో చీటీలో బొమ్మ వేసి ఇచ్చినా మాకు ఎంతో మేలు.

నదీతీరం:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న వేలి పీడనం కొలిపించాం, 34 మిల్లీమీటర్లు వచ్చింది. సలాకకు ఎముక తగలలేదని చెప్పారు. మీరు చెప్పినట్టే చీటీలో ‘రెండు కాళ్లు, వేళ్ల వరకు, పాదానికి విడిగా వరుస చిత్రాలు, వలయాకారపు రంగుద్రవం’ అని వైద్యులతో రాయించాను. నాన్నగారు రాత్రిళ్లు కాలు కిందికి వేలాడదీసి కూర్చుంటున్న సంగతి మేము వయసు వల్ల నిద్రపట్టక అనుకున్నాం. స్కానుగది గారు రాసింది చదివాకే అది కాలి నొప్పి అని అడిగి తెలుసుకున్నాను. స్కాన్ ఈ వారంలోనే ఉంది. నివేదిక వచ్చాక అందులో ముఖ్యంగా ఏమేమి చూసుకోవాలో చెబుతారా?

నాళవైద్యుడు:
34 అంటే 30 గీతకు చాలా దగ్గర, పైగా రాత్రి నొప్పి కూడా ఉంది. స్కాన్ ఈ వారం దాటిపోకుండా చూడండి, మీ వైద్యులకు ఆ నొప్పి సంగతి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. నివేదికలో మూడు పిక్క ధమనుల గురించి విడివిడిగా రాసి ఉండాలి, ఏది ఎక్కడి నుంచి ఎక్కడి వరకు మూసుకుపోయిందో పొడవుతో సహా ఉండాలి. పాదంలో డోర్సాలిస్ పీడిస్, అరికాలి ధమనులు, వాటిని కలిపే వంపు కనబడ్డాయా లేదా అన్నది స్పష్టంగా ఉండాలి. కనబడకపోతే నాళం మూసుకుపోయిందా, చిత్రం సరిగా రాలేదా అన్నది రేడియాలజిస్టు తేల్చి రాయాలి. పుండు ఉన్న చోటికి రక్తం తెచ్చే ధమని ఏదో కూడా చూస్తాం. బొటనవేలి ప్రాంతానికి పైనుంచి, అరికాలి నుంచి రెండు వైపులా సరఫరా ఉంటుంది కనుక మీ నాన్నగారి విషయంలో ఒక దారి మూసుకుపోయినా మరో దారి ఉపయోగపడవచ్చు. కాగితం నివేదికతో పాటు చిత్రాలున్న డిస్క్ తప్పక తీసుకోండి, శస్త్రవైద్యులు చూసేది ఆ చిత్రాలనే.

పాతపుండు:
నేను ఒకటి అడగాలి. నాకు బెలూన్ చేసిన తరువాత ప్రతి ఏడూ ఎం.ఆర్. చేయించుకోవాలా?

నాళవైద్యుడు:
అవసరం లేదు. పుండు మాని, వేలి పీడనం నిలకడగా ఉన్నంతవరకు పాదాన్ని క్రమం తప్పకుండా పరీక్షించడం, పీడనం కొలవడం, డాప్లర్ చూడటం సరిపోతాయి. కొత్త పుండు వచ్చినా, రాత్రి నొప్పి మళ్లీ మొదలైనా, పీడనం పడిపోయినా అప్పుడు ధమనులను మళ్లీ చిత్రీకరిస్తాం.

స్కానుగది:
అలా మళ్లీ వెళ్లాల్సి వస్తే పాత డిస్క్ వెంట తీసుకెళ్లండి. మొదటిసారి పాదాన్ని ఏ కోణంలో ఉంచారో, ఏ క్షణంలో ధమని నిండిందో అందులో చూసి అదే విధంగా తీయవచ్చు, అప్పుడే రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదురుతుంది.